ఎరుపు కనిపించని గది

చేపల గదిలోకి పెన్ను తీసుకువెళ్లకూడదు. తలుపు మీద అంటించిన కాగితంలో మొదటి వాక్యం అదే. లోపల వెలిగేది ముదురెరుపు దీపం ఒక్కటే. ఆ వెలుగులో తెల్ల కాగితం కూడా ఎర్రగానే ఉంటుంది కనుక ఎర్ర సిరాతో ఏం రాసినా అందులో కలిసిపోతుంది. నీలం, పచ్చ, నలుపు మాత్రం తేడా లేకుండా నల్లగా కనిపిస్తాయి. అందుకని అక్కడ ఏం రాయాలన్నా నల్ల పెన్సిలుతోనే రాయాలి. కొత్తగా చేరిన పరిశోధక విద్యార్థులకు ఈ పాఠం చెప్పేది ప్రొఫెసర్లు కాదు, తొట్లు కడిగే చేపలక్క. వాళ్ల చేతే ఎర్ర పెన్నుతో పేరు రాయించి, లోపలికి తీసుకుపోయి, "ఏదీ, చదువు నాయనా" అంటుంది. ఖాళీ కాగితాన్ని అటూ ఇటూ తిప్పుతూ వాళ్లు తెల్లమొహం వేస్తే ఆవిడకి నవ్వు ఆగదు. అంత చదువుకున్నవాళ్లని ఏడిపించే అవకాశం ఏడాదికి ఒక్కసారే వస్తుంది మరి.

ఏడేళ్లుగా ఆవిడ పని అదే. తనకంటే పెద్దవాళ్లు కూడా చేపలక్కా అనే పిలుస్తారు. ఇంట్లో అత్తగారు సైతం మంచి హుషారులో ఉంటే అలాగే పిలుస్తుంది. తొట్టి అడుగున చేరిన మడ్డిని సన్న గొట్టంతో లాగడం, స్పాంజీలు పిండడం, మేత చిటికెలతో కొలిచి వెయ్యడం, చచ్చిన చేప కనిపిస్తే తీసి పుస్తకంలో రాయడం. ప్రతి సంవత్సరం ఆఖర్లో ఒక కాగితం వస్తుంది. దాని మీద పెద్దసారు సంతకం పెడితే మరో ఏడాది పని ఉన్నట్టు. ఈసారి కాగితం ఈ నెలాఖరుకి రావాలి.

ఆ సోమవారం మధ్యాహ్నం ఆవిడ ఎనిమిది తొట్లూ కడిగి బయటికి వచ్చి, వరండాలో స్టూలు మీద కూర్చుని రబ్బరు బూట్లు లాగుతోంది. తడిసిన ఏప్రానుకి ఏదో అంటుకుని ఉంది. మోటారు పక్క తొట్టికి వేలాడే కార్డు, మూడో నంబరుది. గొట్టం లాగేటప్పుడు తగిలి ఊడి వచ్చినట్టుంది. తుడిచి మళ్లీ తగిలిద్దామని చేతిలోకి తీసుకుంది.

కార్డు మీద గుండ్రం నీలంగా ఉంది.

ఒక బూటు కాలికి, ఒక బూటు చేతిలో, అలాగే ఉండిపోయింది. వరండాలో కిటికీలన్నీ తెరిచే ఉన్నాయి, వెలుతురుకి లోటేమీ లేదు. ఎటు తిప్పి చూసినా అది నీలమే.

ఆ తొట్లలో చేపలు రెండు రకాలు. బొటనవేలంత ఉంటాయి, పక్కపక్కన పెట్టినా తేడా తెలియదు. ఒక రకం తేట నీళ్లలో పుట్టింది. ఇంకోటి ఆకులు కుళ్లి టీ డికాషనులా నల్లబడిన వాగులో పుట్టింది, అందుకని నల్లనీళ్ల చేప. అలాంటి నీళ్ల అడుక్కి ఎర్ర వెలుగు తప్ప మరేదీ దిగదు. ఆ చేపలు ఆ ఎరుపుని చూడగలవని, మామూలువి చూడలేవని, ఒక అమ్మాయి నాలుగేళ్లు కష్టపడి తేల్చింది. ఆ అమ్మాయిని అందరూ నల్లనీళ్ల పిల్ల అంటారు. పెద్దసారుకి నమ్మకం కుదరలేదు. రెండు వారాల కిందట, ఆ పిల్లని గదిలోకి రానివ్వకుండా, తానే ప్రయోగం మళ్లీ మొదలుపెట్టాడు. కొత్త తొట్లలోకి చేపల్ని వలతో మార్చింది చేపలక్కే. కార్డులు కవర్లో పంపి ఆయన ఫోనులో చెప్పిన మాట కూడా ఆవిడకి అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది: "ఎర్ర గుండ్రం ఉన్నవి నల్లనీళ్లవాటికి తగిలించు. రెండో రకం మామూలువాటికి."

కవరు ఆవిడ గదిలోనే విప్పింది. నాలుగు కార్డుల మీద గుండ్రం ఉంది, నాలుగింటి మీద పెన్సిలుతో వేసిన నంబరు తప్ప ఏమీ లేదు. గుండ్రం ఉన్నవే ఎర్ర గుండ్రాలు కాబోలు, మిగతావి ఖాళీగా వదిలేసి ఉంటాడు అనుకుంది. గుండ్రాలున్నవి నాలుగూ నల్లనీళ్ల తొట్లకి తగిలించి, చేతులు కడుక్కుని మేత పెట్టడానికి పోయింది.

అందరికీ పాఠం చెప్పే మనిషికి తన పాఠం తనకే గుర్తు రాలేదు. ఎవరో కుర్రకారు పంపిన కార్డులైతే ఒకసారి బయటికి తెచ్చి చూసేదే. పెద్దసారు ఆ గదికి ఎర్ర పెన్నుతో రాసి పంపుతాడన్న అనుమానానికి ఆవిడ బుర్రలో చోటే లేదు. కనిపించిన గుండ్రాలు నీలంవి. ఎర్రవి కనిపించనే లేదు. పెద్దసారు గదిలో చూసుకునేది కార్డు నంబరు మాత్రమే, ఏ నంబరుది ఏ రంగో ఆయన పుస్తకంలో ఉంటుంది. అంటే నల్లనీళ్ల చేపలు మామూలువిగా, మామూలువి నల్లనీళ్లవిగా పది రోజులు ప్రయోగంలో ఈదాయి. శనివారం సాయంత్రం పెద్దసారు మొహం ముడుచుకుని గదిలోంచి వెళ్లిపోవడం ఆవిడ చూసింది. ఎందుకో ఇప్పుడు తెలిసింది.

లేచి లోపలికి వెళ్లి కార్డు మళ్లీ మూడో తొట్టికే తగిలించింది. ఎందుకలా చేసిందో ఆవిడకే తెలియదు.

ఆ సాయంత్రమే నల్లనీళ్ల పిల్ల మెట్ల దగ్గర ఎదురైంది. కళ్లు ఉబ్బి ఉన్నాయి. అంతా ఒక్క గుక్కలో చెప్పింది. పెద్దసారు ప్రయోగంలో ఫలితం సరిగ్గా తిరగబడింది. ఎర్ర దీపం వెలిగిన మూలకి మేత కోసం ముందే వచ్చి చేరినవి మామూలు చేపలు, నల్లనీళ్లవి కదల్లేదు. ఆమె నాలుగేళ్ల అంకెలన్నీ వండి వార్చినవే అని ఆయన తేల్చేశాడు. శుక్రవారం ముగ్గురు పెద్దలతో కమిటీ. కార్డులు తారుమారయ్యాయేమోనని అడిగితే, కార్డులు స్వయంగా నేను రాశాను అన్నాడట. చేపల రెక్క కొస తుంచి జన్యు పరీక్ష చేస్తే ఏది ఏదో ఒక్క రోజులో తెలిసిపోతుందంటే, అవసరం లేదు, శుక్రవారం మధ్యాహ్నానికి గది ఖాళీ అవుతోంది, వేరే పనికి కావాలి అన్నాడట.

అంతా చెప్పి ఆ పిల్ల చేపలక్క చెయ్యి పట్టుకుంది. "మీరే కదా తగిలించింది. సరిగ్గానే తగిలించారు కదా?"

చేపలక్క ఆ పిల్ల కళ్లలోకి కాకుండా మెట్ల కమ్మీ వంక చూసింది.

"ఆఁ" అంది.

అంతే, ఒక్క ముక్క. ఆ పిల్ల తల ఊపింది. ఆ ఊపడంలో అనుమానం లేదు, అదే చేపలక్కని చంపేసింది. మీరు సరిగ్గా తగిలిస్తే ఇంక తప్పు నాదే అయి ఉండాలి అని నెమ్మదిగా అనుకుంటూ మెట్లు దిగి వెళ్లిపోయింది.

ఇంట్లో ఆ రాత్రి చేపలక్క అన్నం కెలికి లేచిపోయింది. భర్తకి ఆ వారం పైఊరి డ్యూటీ. బస్సు తోలుకుంటూ శనివారానికి గానీ రాడు. ఉన్నది అత్తగారొక్కతే. ముప్పై ఏళ్లు ఆసుపత్రి బట్టల గదిలో దుప్పట్లు ఉతికి, మడత పెట్టి, ఇప్పుడు మోకాళ్లు పట్టేసి కూర్చున్న మనిషి. ఇంట్లో దుప్పటి నలిగితే ఇప్పటికీ ఊరుకోదు. కంచంలో అన్నం వదిలేస్తే అసలే ఊరుకోదు. ఆవిడ నస భరించలేక చేపలక్క విషయం చెప్పింది.

అత్తగారు విని, నోరు మెదపకుండా ఉండమంది. కార్డు రాసినాయన పెద్దవాడు, చదివిన పిల్ల ఎక్కడైనా బతుకుతుంది, మధ్యలో నలిగేది నువ్వు అంది. తర్వాత తన కథ ఒకటి చెప్పింది. ఒకసారి బట్టల గదిలో దుప్పట్ల కట్ట పోయింది. ఎవరు తీసుకెళ్లారో ఈవిడకి తెలుసు. కానీ పని పోయింది వేరే ఆవిడకి. ఈవిడ పెదవి విప్పలేదు.

"తర్వాత మీకు నిద్ర పట్టిందా అత్తయ్యా?" అని అడిగింది చేపలక్క.

"పట్టకేం? ఎప్పట్లాగే పట్టింది. నాలుగు రోజులు పోతే అంతా మామూలే." అత్తగారు గోడవైపు తిరిగి పడుకుంది. "నీకూ అంతే. తిను."

చేపలక్క ఆశించింది వేరే మాట. పని పోయినావిడ మొహం ఇప్పటికీ కళ్లముందు తిరుగుతోందనో, తప్పు చేశాననో అంటుందనుకుంది. నాలుగు రోజులు పోతే అంతా మామూలే అన్న మాట విన్నాక కొత్త భయం పట్టుకుంది. నిజంగానే మామూలైపోతుందేమో. రేపో ఎల్లుండో తను కూడా హాయిగా తిని పడుకుంటుందేమో.

మంగళవారం పొద్దున్న తలుపు తీసి లోపలికి వెళ్లగానే గది ఎప్పటిలా లేదనిపించింది. ఏమీ మారలేదు. మోటార్ల గుర్రుమన్న చప్పుడు, తడి వాసన, ఎర్రటి చీకటి, అన్నీ ఉన్నచోటే ఉన్నాయి. లోకంలో తనని ఎవరూ చూడని చోటు ఇదొక్కటే అని ఏడేళ్లుగా ఆవిడ నమ్మకం. వీపు గోక్కున్నా, రాని పాట పాడుకున్నా, ఒక్కోసారి మొహం తుడుచుకునేదాకా ఏడ్చినా, చూసేవాళ్లు లేరు. చేపలకి ఈ వెలుగు చీకటితో సమానం అని మొదటి రోజే చెప్పారు. అది తప్పని ముందు పసిగట్టింది కూడా తనే. నాలుగేళ్ల కిందట ఒకసారి, ఈ వరసలో చేపలు మేత వెయ్యకముందే నా చెయ్యి చూసి వస్తాయమ్మా, ఆ వరసలోవి మేత నీళ్లలో పడి వాసన తగిలితే గానీ కదలవు అని కొత్తగా చేరిన ఆ పిల్లతో సరదాకి అంది. మిగతావాళ్లయితే నవ్వేసి పోయేవాళ్లు. ఆ పిల్ల పెన్సిలు తీసి రాసుకుంది. అలా పట్టుకున్న పనే ఇప్పుడు దాని మెడకి చుట్టుకుంది.

గొట్టం తొట్టిలోకి దించుతూ తల ఎత్తితే, మూడో తొట్టిలో చేపలన్నీ ఆవిడ వైపు తిరిగి ఉన్నాయి. అద్దానికి మూతులు ఆనించి, మొప్పలు ఆడిస్తూ. ఆవిడ పక్కకి జరిగితే అవీ జరిగాయి. మేత కోసమే, ఇంకేం కాదు, చేపకి తన గొడవ ఏం తెలుసు అనుకుంది. అనుకుంటూనే ఆ తొట్టికి వీపు తిప్పి పని చేసింది. వీపు తిప్పినా వాటి చూపు తగులుతున్నట్టే ఉంది. ఆ రోజు రెండు తొట్లు కడగకుండానే బయటికి వచ్చేసింది.

బుధవారం ఆ పిల్ల వరండాలో స్టూలు పక్కన నేల మీదే కూర్చుని కాగితాలు ముందేసుకుంది. కమిటీకి ఏం చెప్పాలో పదిసార్లు అప్పజెప్పుకుంటోంది. వినడానికి మనిషి కావాలి. చేపలక్క స్పాంజీలు పిండుతూ వింది. లేచి పోవడానికి ధైర్యం చాలలేదు.

ఆ పిల్ల చెప్పింది ఇది. చేప కంట్లో రంగు పట్టే పని ఒక జన్యువుది. తరం నుంచి తరానికి రాసుకుంటూ పోయేటప్పుడు ఎప్పుడో ఒకసారి ఆ జన్యువు పొరపాటున రెండుసార్లు పడింది. మొదటిది తన పని తాను చేసుకుంటూనే ఉంది, దానికి కదిలే వీల్లేదు, అది చెడితే చేపకి చూపు పోతుంది. రెండోదానికి పనేమీ లేదు. ఉన్నా నష్టం లేదు గనక అలా ఉండిపోయింది. తరాలు గడిచేకొద్దీ దానిలో అక్కడో అక్షరం, ఇక్కడో అక్షరం మారింది. చాలాసార్లు అలాంటివి చెడి మూలపడతాయి. కానీ నల్లనీళ్లలో ఉన్నవాటికి అది ఎరుపుని పట్టడం నేర్చింది. వంట పెద్దకోడలు చూసుకుంటుంటే ఖాళీగా ఉన్న చిన్నకోడలు కుట్టుమిషను నేర్చుకున్నట్టా అని అడిగింది చేపలక్క. నోరు ఊరుకోక అడిగేసింది గానీ, ఆ పిల్ల మూడు రోజుల్లో మొదటిసారి నవ్వేసరికి తల బకెట్టు వైపు తిప్పేసుకుంది.

"అంతే అక్కా. నేర్చుకోవాలని నేర్చుకోలేదు, అదొక్కటే తేడా. పొరపాటు జరిగింది. ఎవరూ కొట్టెయ్యలేదు. పనికొచ్చింది." నవ్వు అక్కడే ఆగిపోయింది. "రాత్రంతా నా పాత పుస్తకాలు తిరగేశాను. ఎక్కడ తప్పు చేశానో దొరకట్లేదు. నేనే నాకు తెలియకుండా నాకు కావలసినట్టు రాసేసుకున్నానేమో. అలా జరుగుతుందట. మనకి తెలియకుండానే చేసేస్తామట."

చేపలక్క పిండిన స్పాంజీనే మళ్లీ పిండింది. నాలిక కొస దాకా వచ్చింది మాట. అప్పుడే మెట్ల మీద పెద్దసారు బూట్ల చప్పుడు వినిపించింది, అది కాస్తా వెనక్కి పోయింది. ఆయన ఇటు చూడకుండానే వెళ్లిపోయాడు. చప్పుడు పోయినా మాట తిరిగి రాలేదు. ఆ పిల్ల కాగితాలు సర్దుకుని లేచి వెళ్లింది. నాకు పిరికిమందు పోసినట్టుంది ఎవరో, అని తనని తాను తిట్టుకుంటూ చేపలక్క బకెట్టు ఎత్తింది.

ఆ రాత్రి అన్నం తినగలిగింది. రెండోసారి కూడా వడ్డించుకుంది. అత్తగారు చూసి, చెప్పానా అన్నట్టు తల ఊపింది. ఆ తల ఊపుతో చేపలక్క చేతిలో ముద్ద ఆగిపోయింది.

గురువారం మధ్యాహ్నం చేతులు రెండుసార్లు సబ్బుతో కడుక్కుని పెద్దసారు గది తలుపు తట్టింది. ఏం చెప్పాలో దారిపొడుగునా కూర్చుకుంది. తప్పు నాదే అని మొదలుపెట్టాలి, కార్డులు వెలుతురులో చూడాల్సింది అని చెప్పాలి, పనిలోంచి తీసేస్తే తీసెయ్యండి గానీ ఆ పిల్లని పంపెయ్యకండి అనాలి.

ఆయన చివరిదాకా విన్నాడు. మధ్యలో అరవలేదు. కూర్చో అన్నాడు. ఏడేళ్లలో ఆయన ఆవిడని కూర్చోమనడం అదే మొదలు. ఆవిడ కుర్చీ అంచున కూర్చుంది. ఆయన చొక్కా జేబులో రెండు పెన్నులున్నాయి, ఒకటి నీలం, ఒకటి ఎరుపు. చెయ్యి ఊరికే జేబు మీదికి పోయి అక్కడే నిలిచింది.

"ఇంకెవరికైనా చెప్పావా?"

"లేదు సార్. మా అత్తయ్యకి తప్ప."

"ఆ అమ్మాయికి?"

లేదంది. ఆయన ఊపిరి వదలడం వినిపించింది. తర్వాత ఆయన గొంతు చాలా మెత్తగా ఉంది. నీ తప్పేమీ లేదు, ఆ గదిలో పనిచేసి చేసి కళ్లు అలిసిపోయి ఉంటాయి, అలాంటప్పుడు లేనివి ఉన్నట్టు అనిపిస్తాయి అన్నాడు. కమిటీ సంగతి తాను చూసుకుంటానన్నాడు. నీ పొడిగింపు కాగితం సోమవారం సంతకం పెట్టేస్తాను, నెలాఖరు దాకా ఆగక్కర్లేదు అని కూడా అన్నాడు.

"రేపు సెలవు తీసుకో" అన్నాడు చివర్లో. "జీతం ఎక్కడికీ పోదు."

బస్‌స్టాపు దాకా ఆవిడ కాళ్లు నేల మీద లేవు. చెప్పేసింది. పని పోలేదు. సారు చూసుకుంటానన్నాడు. సోమవారం నుంచి మోస్తున్న బరువు దిగిపోయింది. పక్కన నిలుచున్న ముసలాయన టైమెంతయిందని అడిగితే నవ్వు మొహంతో చెప్పింది. రెండు బస్సులు వచ్చి పోయాయి.

మూడో బస్సు వస్తుంటే ఆ ఊపిరి గుర్తొచ్చింది, ఆ అమ్మాయికి చెప్పలేదని తెలిశాక ఆయన వదిలిన ఊపిరి. అది కోపంగా ఉన్న మనిషి ఊపిరి కాదు. నాలుగు రోజులుగా తను వదులుతున్నది సరిగ్గా అలాంటిదే. ఆయనకి భయమేసింది. తను కుర్చీ అంచున వణుకుతూ కూర్చుంటే, బల్లకి అటువైపు ఆయన తనకంటే ఎక్కువ వణికాడు. సెలవు రేపే ఎందుకు? గది ఖాళీ చేసేది రేపే గనక. చేపలు పోతే ఏది ఏదో చెప్పే సాక్ష్యం ఉండదు. తను ఉంటే వాటిని ఎక్కడ ముట్టుకోనివ్వదో అని. బస్సు ఆగింది. ఆవిడ ఎక్కింది గానీ, ఎక్కడ దిగాలో రెండు స్టాపులు దాటాక గుర్తొచ్చింది.

పెద్దవాళ్లకి భయం ఉండదని ఆవిడ ఇన్నాళ్లూ ఒక లెక్కలో ఉండేది. ఆ లెక్క పోవడం ధైర్యం ఇవ్వాల్సింది. ఇవ్వలేదు. భయపడ్డ పెద్దమనిషి ఏం చేస్తాడో తెలియదు, అదింకా భయంగా ఉంది.

శుక్రవారం ఎప్పటి టైముకే లేచింది. సెలవన్నావుగా అని అత్తగారు మంచం మీంచి అడిగింది. చేపలకి ఎవరు చెప్తారు సెలవని, అంది చేపలక్క చెప్పులు వేసుకుంటూ. అత్తగారు లేచి కూర్చుంది. ఏదో అనబోయి, కోడలి మొహం చూసి, దుప్పటి మడత పెట్టడం మొదలుపెట్టింది.

చేపల గది ముందు మెట్లు తుడిచే మనిషి బకెట్టూ, చేపల్ని చంపే మత్తుమందు సీసా పెట్టుకుని తాళంచెవి కోసం ఎదురుచూస్తున్నాడు. మధ్యాహ్నం అన్నారు, మళ్లీ పొద్దున్నే చెయ్యమన్నారు అన్నాడు. ఒకటి పెద్దసారు దగ్గరుంది, రెండో తాళంచెవి ఆవిడ దగ్గరే ఉంది. ఆవిడ తాళం తియ్యలేదు. గొళ్లెం ఒకసారి లాగి చూసి, చెవి జేబులోనే పట్టుకుని, నేను వచ్చేదాకా ఎవరినీ లోపలికి పోనివ్వకు, తాళంచెవి ఎవరు అడిగినా నా దగ్గరుందని చెప్పు అంది. అతను నా మీదికి రాకుండా చూడక్కా అన్నాడు. రాదులే అంది. చూపించిన ధైర్యంలో సగం కూడా లోపల లేదు.

కమిటీ గది రెండో అంతస్తులో. తలుపు తోసి లోపలికి వెళ్లేసరికి పొడుగు బల్ల చుట్టూ నలుగురు. ఒక చివర పెద్దసారు, ఎదురుగా ఇద్దరు మగవాళ్లు, మధ్యలో వేరే కాలేజీ నుంచి వచ్చిన తెల్లజుట్టు మేడమ్. నల్లనీళ్ల పిల్ల గోడ పక్క కుర్చీలో తల దించుకుని కూర్చుంది. పెద్దసారు సగం లేచి, ఈవిడ మా దగ్గర తొట్లు కడుగుతుంది, ఒంట్లో బాగోక సెలవులో ఉంది అన్నాడు.

"బాగానే ఉంది సార్" అంది చేపలక్క. "కార్డులు తిరగేసి తగిలించింది నేనే. ఎర్ర గుండ్రం ఆ గదిలో కనిపించదు. కనిపించిన నీలం గుండ్రాలు ఎర్రవనుకున్నాను."

తెల్లజుట్టు మేడమ్ తన ముందున్న కాగితాన్ని వేలితో ఇటు జరిపింది. "కాస్త ఆలస్యమైందమ్మా. అంకెలు మార్చానని ఈ అమ్మాయి పొద్దున్నే రాసి సంతకం పెట్టింది."

చేపలక్క ఆ పిల్ల వంక చూసింది. ఆ పిల్ల తల ఎత్తలేదు. సంతకం పెడితే ఎక్కడా రాయకుండా నిశ్శబ్దంగా పంపేస్తాను, లేకపోతే ఇంకే కాలేజీలోనూ అడుగు పెట్టనివ్వను అని పెద్దసారు నిన్న రాత్రి ఫోన్లో చెప్పిన సంగతి తర్వాత తెలిసింది. అప్పటికి ఆవిడకి తెలిసింది ఒక్కటే. చెయ్యని తప్పు ఒప్పుకోవడానికి ఆ పిల్ల చేతికి తను సోమవారం నాడే పెన్ను ఇచ్చింది, ఆఁ అన్న ముక్కతో.

"చేపలున్నాయి మేడమ్" అంది. "ఇంకా ఉన్నాయి. తాళంచెవి నా దగ్గరుంది. ఒక్కసారి వచ్చి చూడండి."

ఇది పద్ధతి కాదని పెద్దసారు అన్నాడు. మేడమ్ అప్పటికే లేచి కళ్లజోడు మార్చుకుంటోంది. పద్ధతి సంగతి వచ్చాక మాట్లాడుకుందాం అంది.

ఎర్రటి చీకట్లో అయిదుగురూ గోడకి ఆనుకుని నిలుచున్నారు. కళ్లు అలవాటు పడేదాకా ఆగమంది చేపలక్క. తర్వాత రెండు వరసల మధ్యకి వెళ్లి, మేత డబ్బా ముట్టుకోకుండా, ఖాళీ చెయ్యి పైకెత్తింది. ఒక్క క్షణం ఏమీ జరగలేదు. ఇంతమందిని చూసి బెదిరి ఉంటాయి, రావేమో అనుకుంది.

ఎడమ వరసలో నాలుగు తొట్లలో చేపలు ఒక్కసారిగా అద్దం దగ్గరికి వచ్చి పడ్డాయి. కుడి వరస నాలుగింటిలో ఎక్కడివక్కడే ఉన్నాయి.

మేడమ్ చేపలక్కని బయట నిలబడమని, తను చెయ్యి ఎత్తింది. మళ్లీ ఆ నాలుగే వచ్చాయట. ఇంకో పెద్దమనిషి కూడా ఎత్తి చూశాడట. ఎడమ వరసలోవి ఏ రకమని లోపలినుంచి అడిగితే, నల్లనీళ్లవండి, నా చేత్తో మార్చాను, కావాలంటే రెక్క తుంచి పరీక్ష చేయించండి అని వరండాలోంచే చెప్పింది. మేడమ్ రెండు వరసల నుంచి ఒక్కో కార్డు తీసుకుని బయటి వెలుతురులోకి వచ్చింది. ఒకటి నీలం, ఒకటి ఎరుపు. చాలాసేపు చూసింది.

"ఇవి రాసిందెవరు?"

పెద్దసారు గుమ్మంలో ఉన్నాడు. సగం మొహం ఎర్రగా ఉంది. చేపలక్క చెప్పాల్సిన అవసరం రాలేదు.

"నేనే" అన్నాడు.

మేడమ్ ఆ సంతకం కాగితాన్ని తన సంచిలో పెట్టుకుంది. ఎనిమిది తొట్లలో ప్రతి చేప రెక్క కొసా ఇవాళే తీయాలి, పరీక్ష తన దగ్గర జరుగుతుంది, ఫలితం వచ్చేదాకా ఎవరూ ఎక్కడికీ పోనక్కర్లేదు అంది. ఎవరూ అనేటప్పుడు ఎవరివైపూ చూడలేదు. చేపలక్క ఉద్యోగం ఆ మాటలో ఉందో లేదో తెలియదు. సోమవారం సంతకం పెట్టాల్సిన మనిషి ఆవిడ పక్కనుంచే మెట్లు దిగి వెళ్లిపోయాడు.

గదిలో ఇద్దరే మిగిలారు. నల్లనీళ్ల పిల్ల చిన్న కత్తెర, వరసగా గొట్టాలు బల్ల మీద సర్దుకుంది. చేపలక్క వల తీసుకుని మొదటి తొట్టి మూత ఎత్తింది.

"సోమవారం అడిగాను కదా" అంది ఆ పిల్ల, కత్తెర తుడుస్తూ.

"అడిగావు."

"ఆఁ అన్నారు."

"అన్నాను."

"మీరు అలా అన్నాకే నా మీద నాకు నమ్మకం పోయింది. నాలుగు రోజులు అక్కా."

భయమేసిందమ్మా అని చెప్పడానికి నోరు తెరిచింది. ఆ పిల్లకి భయం సంగతి కొత్తగా చెప్పేదేముంది, పొద్దున్న చేసిన సంతకం ఇంకా ఆరి ఉండదు. నోరు మూసుకుంది. క్షమించమనీ అడగలేదు. అడిగితే ఆ పిల్ల సరే అనేస్తుందేమో, అలా అనేస్తే తను ఇంటికి వెళ్లి కడుపునిండా తిని పడుకుంటుందేమో అనిపించింది.

వల ముంచి, ఒక చేపని పట్టి, తడి చేతిలో బోర్లా పెట్టి చాచింది. ఆ పిల్ల వంగి రెక్క కొస సూది మొనంత తుంచి గొట్టంలో వేసింది. చేప గిలగిలా కొట్టుకుని నీళ్లలోకి జారిపోయింది.

"తర్వాతది" అంది ఆ పిల్ల, తల ఎత్తకుండా.

చేపలక్క మళ్లీ వల ముంచింది.